నుక్తా

కవరు మీద లండన్ పేరున్నది.
కొరియర్ పోరడు అడిగింది మాత్రం
"జిరాక్స్ షాపు పక్కన ఉర్దూ చదివే ముసలాయన ఎవరు?" అని.
దేవరకొండ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముంగట
రేకుల కింద, ఒక కాలు కుంటే బల్ల మీద
ముప్పై ఒక్క ఏండ్ల నుంచి నేనే.
గులాం జిలానీ, దస్తావేజు రాత.

లోపల తళతళ కాయితం.
వాళ్లకు నలభై రెండు పట్నాలల్ల ఆఫీసులున్నయట.
ఓడ మునిగితే వాళ్లే, బ్యాంకులు కలిస్తే వాళ్లే,
రెండు దేశాలు గ్యాసు పైపు కాడ కొట్లాడితే
నడుమ కుర్చీ వాళ్లదే.
పొద్దు ఎక్కడ్నో ఒకచోట పొడుస్తనే ఉంటది గనుక
వాళ్ల దుకాణానికి మూత లేదు.

అంత పెద్ద కంపెనీకి
షికస్తా చదివే మనిషి దొరకలే.
నిజాం కాలపు గిర్దావర్ ఉరుకులాటల రాసిన రాత,
అక్షరం మీద అక్షరం ఎక్కి
అంగడి దినం బస్సు లెక్క.

ఎనభై ఎకరాల్ల సోలార్ పలకలు పరుస్తరట,
దాని హక్కు తేటగున్నదా అని ఆరా.
ముందుగాల్నే నాలుగు పేజీల మీద దస్కతు తీసుకున్నరు,
కన్నది విన్నది బయట పెట్టొద్దని.
సేత్వార్ చదివిన, ఖాస్రా పహాణీ చదివిన,
పేజీకి మూడు వందలు.
పట్టాదారు పేరు సాఫ్. శిస్తు సాఫ్.
కౌలుదారు ఖానాల
ఒక్క మాట కాడ భూతద్దం ఆగింది.

కింద చుక్క పెడితే బాలా,
మీద చుక్క పెడితే నాలా.
కింద పెడితే మనిషి,
మీద పెడితే వాగు.
చుక్క ఉండాల్సిన రెండు జాగలనూ
పురుగు సమానంగ తిన్నది.

హైదరాబాదు నుంచి ఫోన్ల ఒక ఆడపిల్ల, సంహిత అట,
మర్యాద తెలిసిన గొంతు:
"నాలా అనే అనుకుంటున్నామండీ,
మ్యాపులో వాగు ఉంది కదా. మీరు ధ్రువీకరిస్తే చాలు."
వాగున్నది నిజమే.
ఎనిమిదేండ్ల కింద పారింది, మూడు దినాలు.

"బిడ్డా, వాగు కౌలు చేస్తదా?
పంటకు గింజలు కొలిచిస్తదా?" అన్న.
అటు దిక్కు కీబోర్డు చప్పుడు ఆగి
మళ్ల మొదలైంది.

కాయితాన్ని ఎండకు పట్టిన.
రెండు తూట్ల నుంచి
రెండు చుక్కలు పడ్డయి నా అరచేతుల.
ఏది ఉండాల్నో ఏది పోవాల్నో
ఎండకేం తెలుసు.

అదే గిర్దావర్ రాసిన పదకొండు పేజీలు తిరగేసిన.
ఆయన వాగును ఎన్నడూ ఒంటిగ రాయలే,
రాసినచోటల్లా నాలా ఖుష్క్,
ఎండిన వాగు. అప్పుడు సుత ఎండిందే.
ఒంటిగ రాసింది ఈ ఒక్క తావుల.
తెలుగుల ఒకపారి, ఇంగ్లీషుల ఒకపారి రాసిన:
బాలా. మనిషి.
కింద స్టాంపు గుద్దిన, జర గట్టిగనే.

"అందింది" అని రెండు నిమిషాల్ల జవాబు.
రెండో అభిప్రాయానికి దుబాయి ఆఫీసుకు పంపుతున్నరట.
నా బిల్లుకు ఇంకో పన్నెండు పేజీల ఫారం.

మూడోనాడు తండా నుంచి రమావత్ దస్రు వచ్చిండు,
రేషన్ కార్డుకు అఫిడవిట్ కావాలని.
తాత పేరు చెప్పమంటే చెప్పిండు.
నేను రాసిన, తల ఎత్తకుంట.
నలభై రెండు పట్నాల చెయ్యి
నా నాలిక మీద బరువుగున్నది.

"ఏం సదువుతున్నవ్ చాచా, గీ పాత కాయితం?"
భూతద్దం తుడిచి ఆయన చేతుల పెట్టిన.
కన్ను దగ్గరికి తెచ్చి, దూరం పెట్టి,
చానాసేపు చూసిండు దస్రు.
"యాడికెల్లి సదవాలె, ఎడమకెల్లా, కుడికెల్లా?"

కుడికెల్లి, అన్న.
అంతవరకు చెప్పొచ్చు.