దయ్యాల కొంప వెనకాల

రోలర్ కోస్టర్ క్యూ చాంతాడంత.
బోర్డు మీద డెబ్బై నిమిషాలని ఉంటే
మా యెల్మెర్ దాన్ని ఏడని చదువుకుని గంతులేశాడు.
వాణ్ణి వాళ్ళ నాన్న స్యూర్డ్‌కి అప్పగించి
కాళ్ళు పీకుతున్నా ఊరికే నడిచాను.

మ్యాపులో లేదు ఆ చోటు.
దయ్యాల కొంప వెనకాల, చెత్త డబ్బాలు దాటాక
ఒక పచ్చ బెంచీ. దాని ఒక కాలు కురచ.
గోడలోంచి పొడుచుకొచ్చిన గొట్టం
డ్రెంథె వానకి నానిన నా మేజోళ్ళ మీదికి
వెచ్చటి గాలి వదులుతోంది,
ఎవరో పనిగట్టుకుని ఊదుతున్నట్టు.

లోపల జనం నిమిషానికోసారి కెవ్వుమంటారు.
ఇవతలికి అది
పక్కింటి కేటిల్ కూతలా వినబడుతుంది, అంతే.

తలుపు తోసుకుని ఒక దయ్యం వచ్చింది.
తల ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది.
పద్దెనిమిదేళ్ళుంటాయేమో కుర్రాడికి. మొటిమలు, చెమట,
కాగితంలో చుట్టిన చీజు రొట్టె.
"కూర్చోండి, ఎవరికీ చెప్పకండేం.
ఇక్కడికొచ్చేది నేనూ, అదిగో అదీ."

కాలవ గట్టున బూడిదరంగు కొంగ.
ఎవరో పారేసుకున్న ఆలూ ముక్క మీద
దాని జపం.

ఇంకేం మాట్లాడుకోలేదు.
అతను నమిలాడు, నేను ఆరాను.
రొట్టె సగం తుంచి ఇస్తే మొహమాటం లేకుండా తినేశాను.
పదకొండు నిమిషాలయ్యాక
తల తగిలించుకుని, "భయపెట్టి రావాలి" అంటూ
బ్యాంకు ఉద్యోగిలా లోపలికి వెళ్ళాడు.

సాయంత్రం కారులో యెల్మెర్ అడిగాడు,
"అమ్మా, నువ్వేం ఎక్కావు?"
వైపర్లు అడ్డంగా తల ఊపుతున్నాయి, చెప్పొద్దన్నట్టు.
"బెంచీ" అన్నాను.

వాడికి నా మీద ఎంత జాలేసిందో,
దాచుకున్న పీచుమిఠాయిలోంచి
చివరి జిగట ముక్క తీసి
నా నోట్లో పెట్టాడు.