మేపుడు

డాబా మీద నాకు వాటా లేదని
ఇంద్రసేనారెడ్డి సారు అర్ర ఇచ్చిన్నాడే చెప్పిండు.
పైన ఆయన మిరపకాయలు, ఆయన నీళ్ల ట్యాంకు.
తాళంచెవి ఆయన మొలతాడుకు.

సరే అని
రెండు సోలార్ పలకలు తెచ్చిన, కిస్తీల మీద.
దేవరకొండల ఎండకు కరువా?

పొద్దుగాల జాలారు కాడ,
పగటీలి గేటు పక్కన,
మాపటీలి వాకిట్ల షాబాదు బండ మీద,
మేకను మార్చి మార్చి కట్టేసినట్టు
నీడ తగలకుంట జరుపుత.
బడి నుంచి రాంగనే ఝాన్సీ అడుగుతది:
"అమ్మా, కడుపు నిండిందా దానికి?"

కుట్టుమిషను కింద బ్యాటరీ.
పాత లంగ కప్పిన. పిల్లి దాని మీదనే పంటది.

మొన్న గాలిదుమారానికి
ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మన్నది.
బజారు బజారంత గుడ్డి.
నేను పెండ్లి జాకెట్లకు హుక్కులు కుడుతున్న.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.
సారు భార్య. చేతుల ఫోను, కొంగు కింద చార్జరు.
"నిండ వద్దు, సగం ఎక్కితే సాలు."

పెట్టిన. చాయ్ గూడ పోసిన.
పోయేటప్పుడు గొళ్లెం పట్టుకొని నిలబడ్డది:
"తాళంచెవి అడిగి చూడాల్నా?"

వద్దులే అక్కా,
మా మేకకు మెట్లెక్కుడు అలవాటు లేదు.