నల్లపొగ లెక్క

కొండమీంచి క్యాబేజీ దిగేది రాత్రిళ్ళే.
పుథప్‌బెక్ చలిలో కోసి, బస్తాలకెత్తి
తెల్లారేలోపు ఫిట్సనులోక్ బజారులో దింపాలి.
మధ్యలో లోమ్‌సక్, లోమ్‌సక్ చివర నా రేకుల షెడ్డు.
షెడ్డు ముందు ఆ రాత్రి
దగ్గుతూ ఆగింది చియా సేథావ్ పికప్.

"రెండు కావాలి, ప్రయూన్ అన్నా.
పడమటి ఎక్కుడులో మూడో గేరు వదలకూడదు.
డీజిలేమో తక్కువ తాగాలి."
అవ్వా బువ్వా ఒక్కసారే అడిగేవాళ్ళే
నా దగ్గరికొచ్చే వాళ్ళంతా.

ఇంతకుముందెవరో కుర్రాడు దీనికి పొగ నేర్పాడు.
కాలు మోపితే చాలు, వెనకవాడి అద్దం మీద అమావాస్య.
కుర్రాళ్ళకది మీసం.
నాకది మండకుండా బయటపడ్డ డబ్బు.
నీకేంటని ఆమెనడిగితే,
"మా చెల్లెలు ఉతికి ఆరేసిన బట్టలు" అంది.

ల్యాప్‌టాప్ తెరిచాను.
తెర నిండా మడులు, మడికో అంకె.
ఇంత వేగానికి, ఇంత బరువుకి, ఇంత డీజిల్ వదలమని.
పొలానికి నీరు కట్టినవాడికి చెప్పక్కర్లేదు,
గండి పెద్దదైతే పైరు కుళ్ళుతుందని.
ఆ కుర్రాడు అన్ని మడులకీ ఒకే వరద వదిలాడు.

అంకెల మీద చెయ్యేసేముందు బానెట్ ఎత్తి,
గాలి పంపు తగిలించి,
టర్బో గొట్టం పొడుగునా సబ్బునీళ్ళు పూశాను.
బిగింపు దగ్గరొక బుడగ. తుడిస్తే మళ్ళీ బుడగ.
ఊపిరి కారిపోతున్న ఇంజన్‌కి
ఇన్నాళ్ళూ అన్నం కుక్కుతున్నారు.
ఎయిర్ ఫిల్టర్‌లో గుప్పెడు ఎర్రమట్టి, ఎండిన క్యాబేజీ రేకొకటి.
వెనక టైర్లలో గాలెంతుందో చూస్తుంటే
ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.
గొట్టం మార్చాను. సగం పని అక్కడే అయిపోయింది.
ఆ సంగతి మాత్రం చెప్పలేదు,
నాకూ అద్దె కట్టాలి.

ఆ తర్వాతే మడులు.
ఇక్కడ కాస్త కోత, అక్కడ ఇంజెక్టర్ రవ్వంత ముందుగా చిమ్మేలా జరుపు,
పద్దెనిమిది వందల ఆర్‌పీఎం దగ్గర,
ఎక్కుడులో ఆమె కాలు నిలబడే చోట,
ఒక్క పిడికెడు కలుపు.

బండి ఆమే నడిపింది. తెర నా ఒళ్ళో.
పొగగొట్టం వేడి ఆరువందల ఎనభై, ఏడొందలు, ఏడొందల పది,
అక్కడ ఆగింది.
మూడో గేరు మూడులోనే ఉంది.
వెనక అద్దంలో వెన్నెల వెన్నెలగానే ఉంది.
ప్రతి మలుపుకీ ముందే కాలు తీసేస్తోంది, బ్రేకు ముట్టకుండా.
ఈ అంకె నేను రాసింది కాదే!
"ఎవరు నేర్పారు?"
"బ్రేకుల్లేని పాత బండి."

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది, నోటుపుస్తకంతో.
"డీజిల్ ఖర్చు తగ్గలేదన్నా. పైగా పెరిగింది."
అంకెల మీద నాకు నమ్మకం.
అయినా గుండె జారింది.
తెర తెరవబోతూ బండి వెనక్కి నడిచాను.

ఇనప చట్రం మీద ఇంకో చట్రం.
వెల్డింగు మచ్చలింకా నీలంగానే ఉన్నాయి.
కమాన్ పట్టీలు వెనక్కి విరుచుకుని
నాకేసి జాలిగా చూశాయి.

"లాగుతోందిగా! ముప్పై బస్తాలు ఎక్కువేస్తున్నా.
రేటు పడిపోయిందన్నా, ఎక్కువ మొయ్యకపోతే ఎట్లా?"

బస్తాకెంత డీజిలో లెక్కగట్టి చూపించాను.
తగ్గింది, నిజంగానే తగ్గింది.
వేలు పెట్టి రెండుసార్లు చదివింది.
"అయితే నీ పని బాగానే ఉంది.
కమాన్‌కి ఇంకో పట్టీ వేస్తావా?"

వేశాను. ఏం చెయ్యను?
ఆఖరి బోల్టు బిగించేసరికి మూడైంది.
కూలి అడుగుదామని తలుపు దగ్గరికి వెళితే
స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతోంది.
కుడికాలు ఇంకా పెడల్ మీదే ఉంది,
తేలిగ్గా, దూదిలా.