ఎవరి ఉప్పు

ఎనభై ఏడో నిమిషంలో కుక్క వచ్చింది.
చెవికి పసుపు బిళ్ళ, వెనక కాలు కాస్త కుంటు.
పోతి రేవులో దాన్ని ఎరగని లారీ లేదు.
బంతి గోల్‌లోకి దొర్లుతోంది, తొందరేమీ లేకుండా,
ఇష్టం లేని పిల్లాడు బడికి పోతున్నట్టు.
కుక్క డొక్కకు తగిలింది.
తగిలీ, లోపలికే పోయింది.

ముర్తాజ్ ముందు గోల్ అన్నాడు.
లైన్స్‌మన్ చెవిలో ఏదో ఊదాక కాదన్నాడు.
బంతిని నేల మీదికి జారవిడిచి
ఆట మళ్ళీ మొదలెట్టాడు.
సున్నా, సున్నా.
నల్ల సముద్రం మీంచి వాన కూడా
అప్పుడే మొదలైంది.

సోమవారం నా కొట్టు ముందు వరస.
బావిలాంటి పొయ్యిలోకి నడుం దాకా వంగి
గోడకు పిండి చరుస్తుంటాను నేను.
తల పొయ్యిలో, చెవులు వరసలో.
సగం మాటలు మంట తినేస్తుంది,
మిగతా సగం నాకు చాలు.

రేవులో క్రేను నడిపిన వాజా
కోటు లోపలి జేబులోంచి నిబంధనల పుస్తకం తీశాడు.
కూతురి పెళ్ళినాటి ముద్రణ.
ఆ కూతురి కొడుక్కి ఇప్పుడు మీసాలు.
"బయటిది ఏదైనా తగిలినా సరే,
ఆపేవాడికి అడ్డు రానప్పుడు,
బంతి లోపలికి పోతే గోలే. ఇదిగో, వేలు పెట్టి చూడు!"

"అడ్డు రాలేదా?" అన్నాడు రైలు సిగ్నళ్ళ నుగ్జార్,
"కుక్కను చూసి మా గోలీ నిలబడిపోయాడు."
"మీ గోలీ బంతిని చూసినా అంతే నిలబడతాడు."
వరస నవ్వింది. నుగ్జార్ నవ్వలేదు.
తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, అతనికి ఎప్పుడూ.

అప్పుడు నుత్సా, తొమ్మిదో తరగతి పిల్ల,
ఫోన్‌లో కొత్త పుస్తకం తెరిచి
ఎవరూ అడగకుండానే చదివింది:
"గోల్ కొట్టే జట్టు తాలూకు ఎవరైనా అడ్డుపడితే మాత్రం
అది చెల్లదు."

పిండి పొయ్యి గోడను వదిలి
బూడిదలో పడింది. ఆ చప్పుడు కూడా వినిపించింది.

"అయితే ఆ కుక్క ఎవరిది?"

రేవు క్రేను కింద పడుకుంటుంది, మీదే అన్నారు వీళ్ళు.
మధ్యాహ్నం కుతాయిసి రైలుకి ఎదురెళ్తుంది, మీదే అన్నారు వాళ్ళు.
బిళ్ళ వేసింది పురపాలక సంఘం అన్నాడొకడు.
బిళ్ళ మీద నంబరుంది గాని జట్టు పేరు లేదన్నాడింకొకడు.
చివరికి నుగ్జారే, న్యాయాధిపతిలా గొంతు సవరించుకుని:
"ఎవరి ఉప్పు తింటే వాళ్ళ కుక్క."

నేను పొయ్యిలోంచి తల ఎత్తలేదు.

బంతిని తన్నింది మా తమ్ముడు గేలా.
గోల్ వెనక వల పట్టుకుని నిలబడింది నేను.
నా ఏప్రన్ జేబులో మాడిన రొట్టె అంచు,
రోజూ తెల్లవారుజామున దానికి పెట్టేదే.
అది మైదానంలోకి రాలేదు.
నా దగ్గరికి వచ్చింది.
దారిలో మైదానం ఉంది, అంతే.

ముర్తాజ్ వచ్చాడు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి,
గొడుగు లేదు, భుజాలు తడిసిపోయాయి.
దారి ఇచ్చారు గాని పలకరించలేదు.
వాజా పుస్తకం అతని ఛాతీకి ఆనించాడు.
ముర్తాజ్ అట్ట తిప్పి సంవత్సరం చూసి
"చాలా మారింది" అని తిరిగి ఇచ్చేశాడు.
రొట్టెలు రెండు. చిల్లర లేదు, రేపిస్తానన్నాడు.
పరవాలేదన్నాను, ఇంకేదో
అనబోయి, ఊరుకున్నాను.

అందరూ పోయాక వెనక తలుపు తీశాను.
అక్కడే ఉంది, వానలో, తోక నేలకు కొడుతూ.
ఒక్క క్షణం
రోడ్డు అటూ ఇటూ చూశాను,
దొంగలా.
తర్వాత మాడిన అంచు విరిచి పెట్టాను.
దానికి ఉప్పు కొంచెం ఎక్కువే ఉంటుంది,
గోడకు ఆనే వైపు.