చెక్కుబందీ

దస్తావేజులో ఇలా మొదలైంది:
ఉత్తరం హద్దు, లంట్ వారి పాత రాతిగోడ.
పడమర, రైలు రాని రైలుకట్ట.
దక్షిణం, కార్వర్ వాగు.
తూర్పు దగ్గర గుమాస్తా కలం ఆగింది.
అక్కడ సముద్రం
రోజుకు రెండుసార్లు వచ్చి
హద్దు మార్చిపోతుంది.

మేన్ తీరాన నలభై ఒక్క ఎకరాల ఉప్పుగడ్డి.
పంట పండదు, అడుగు వేస్తే దిగబడుతుంది.
అయినా బోస్టన్ నుంచి ఒకాయన
కాస్త మెరక చూసుకుని
పన్నెండు వేసవి ఇళ్ళ నక్షా తెచ్చాడు.
ఇర్మా లంట్ ఆయనకు కాఫీ ఇచ్చింది,
సంతకం ఇవ్వలేదు.
ఊరితో అంది:
"ఏడాది గడువు. అదే ధర తెండి.
నేనేం ధర్మాత్మురాల్ని కాను,
నా ఇంటి కప్పు కారుతోంది."

ఆ ఏడాదంతా ఊరు చిల్లర లెక్కపెట్టుకుంది.
శనివారాలు చర్చి హాల్లో చిక్కుడుగింజల విందు,
పళ్ళెం పది డాలర్లు.
బడిపిల్లలు ఖాళీ సీసాలు ఏరారు.
లాబ్‌స్టర్లు పట్టే డారిల్ ఆలీ
రెండో పడవ ఇంజను అమ్మేసి,
ఎందుకని అడిగితే
"ఎలాగూ పొగ కక్కుతోంది" అన్నాడు.

ఎథెల్ నెప్ట్యూన్ నోట్లు లెక్కపెట్టి ఇస్తూ నవ్వింది:
"మా ముత్తాతలు ఈ నేలకు వెల కట్టనేలేదు.
ఇప్పుడు నేను కొంటున్నాను.
రసీదు ఇవ్వండి."
రసీదు రాసే చెయ్యి
కాస్త తడబడింది.

కొన్నవారు: రెండువందల పద్నాలుగు పేర్లు, మూడు పేజీలు.
అందులో ఒకటి కుక్కది.
తూర్పు గడిలో చివరికి గుమాస్తా రాసింది:
పోటు ఎక్కినంత మేర.

ఆ గడ్డిలో ఒక పిచ్చుక ఉంది.
ఒక పెద్దపోటు వెళ్ళి మరో పెద్దపోటు వచ్చేలోగా
గుడ్డు పెట్టాలి, పొదగాలి,
పిల్ల గడ్డిపోచ కొసకు పాకాలి.
దాని గడువు
ఏ బ్యాంకూ పొడిగించదు.

మే నెల. రోడ్డు కింద ఇరుకు తూము పీకేసి
వంతెన వేశాక మొదటి వసంతం.
వాగులోకి చేప ఎక్కింది,
జానెడున్నర, వెండి పొట్ట,
మన పులసకు దూరపు చుట్టం.
ఉప్పునీట పెరిగి
పుట్టిన తీపినీళ్ళకే గుడ్డు మోసుకొస్తుంది.
ఎథెల్ వాళ్ళ మాటలో దాని పేరుకు
వసంతపు చేప అని అర్థం.
పుస్తెలమ్మైనా పులస తినాలంటాం మనం.
ఇక్కడొకడు ఇంజనమ్మి
తినకుండా
దారిచ్చాడు.

వంతెన మీద తొమ్మిదేళ్ళ టోబీ,
చేతిలో లెక్కమీట.
పది నిమిషాల్లో ఎన్ని దాటితే అన్ని నొక్కులు.
నూట ఆరు దగ్గర వేలు ఆగింది.
అప్పుడే దాటినదాన్ని
చేపలగద్ద తన్నుకుపోయింది.
"దీన్ని కలపాలా, తీసెయ్యాలా?"
పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.
గట్టు మీద, కొత్త కప్పు వేయించుకున్న ఇర్మా
కళ్ళు తెరవకుండానే అంది:
"దాటిందిగా. కలుపు."