పరకారు దొర చెక్క

అల్లూరు తహసీల్దారాఫీసుకి
పైదేశం నుంచి ఒక కవరొచ్చింది.
అయ్యా, మా పూర్వీకుడు ఫార్కర్ మాంకర్
మీ ఇసకపల్లిలో ఉప్పు లెక్కలు చూశాడట,
ఆయన బంగళా జాడ దొరికితే ఒక ఫోటో పంపండి అని.
సర్వేయరుని కదా, నా బల్ల మీద పడేశారు.

అడంగల్లో బంగళా లేదు.
ఒక పేరుంది: పరకారు దొర చెక్క,
ఎకరా పదకొండు సెంట్లు, పోరంబోకు, చవుడు.
ఫార్కర్ అనడానికి నోరు తిరక్కో
చాచిన కాళ్లతో నేల కొలుస్తా తిరిగాడనో
పరకారు చేసి ఊరుకున్నారు మనోళ్లు.

కవరులో ఆయన బతుకు నాలుగు పేజీలు.
పంతొమ్మిదో ఏట రెండు చొక్కాలతో ఓడ దిగాడు.
నవాబు బాకీ కింద కుంపిణీ వసూళ్లు,
మొలగొలుకుల మీదా, ఉప్పు మీదా.
వసూళ్లలో ఆయన చెయ్యి ఎంత తడిసిందో రాయలేదు,
వరహాల పెట్టెతో ఓడెక్కాడని మాత్రం రాశారు.
చలిదేశంలో ఒక కొండా, దాని కింద పల్లెలూ కొన్నాడు.
పల్లెల్ని లేపి గొర్రెల్ని దించాడు.
ఇక పార్లమెంటు.
జిల్లా మొత్తానికి ఓటున్నోళ్లు ముప్పై ఇద్దరంట!
మా పాలసొసైటీ ఎన్నికలో
ఇంతకన్నా ఎక్కువ మంది చొక్కాలు చించుకుంటారు.
ముప్పై ఇద్దరికీ విందు,
వాళ్ల కొడుకులకి మద్రాసులో కొలువు.
పన్నెండేళ్లు కూర్చున్నాడు
ఏ మంత్రి వస్తే ఆ మంత్రి వెనక.

నోరు విప్పింది ఒక్కసారే.
మా సముద్రపొడ్డు పేదలు
చేపలు ఊరేసుకునేదానికి ఉప్పు కొనలేకపోతున్నారు,
ఉప్పు మీద పన్ను దేవుడికి కూడా గిట్టదు, అన్నాడంట.
ఆ మాట సమాధి మీద చెక్కించారు.

కాగితాలు జేబులో పెట్టుకుని ఇసకపల్లి పోయినా.
మిట్టమధ్యాన్నం. ఉప్పుమళ్లు కళ్లల్లో గుచ్చుతుండాయి.
గొలుసు లాగితే
చెక్క సగం కాలవలో ఉండాది,
సగం రొయ్యలగుంట కింద.
పక్క మడిలో మస్తానమ్మ దంతెతో ఉప్పు లాగతా ఉంది.
మడమల పగుళ్లలో కూడా అదే తెలుపు.

ఎవురికోసం అబ్బయ్యా కొలస్తుండావు?
ఒక దొర కోసం. పోయి రెండొందల ఏళ్లయిందిలే.
ఏం జేశాడంట?

చెప్పేదానికి చాలా ఉంది. గొంతెండిపోయి ఉండాది.
వాళ్ల దేశంలో ఉప్పు పన్ను తగ్గించమన్నాడు, అన్నా.

దంతె ఆపింది.
మంచోడే, అంది.
తగ్గించారా మరి?

జేబులోంచి తీసి మళ్లీ చూశా, ఎండలోనే.
నాలుగు పేజీల్లోనూ ఆ సంగతి లేదు.