మూతి దగ్గరి కాయ

పంతొమ్మిది పేర్లు, ఐదు గళ్ళు.
గడువు సోమవారం.
అరండల్‌పేట మేడగదిలో
ఫ్యాను గాలికి కాగితం లేవకుండా
పచ్చడిబండ బరువు పెట్టి కూర్చున్నాను.
అరచేతిలో పట్టే ఆ బుల్లి నౌకల్ని
ముందు ఏ చుక్కకి పంపాలి?

అన్నిటికంటే దగ్గరిది ప్రాక్సిమా,
నాలుగుంపావు కాంతి సంవత్సరాలు.
ఎర్రటిది, చిటపటలాడేది,
పక్కనున్న లోకం మీద ఉన్నట్టుండి నిప్పులు చల్లుతుంది.
టౌ సెటిది మన సూర్యుడి పోలికే,
చుట్టూ మాత్రం దుమ్ము, దుమ్ములో రాళ్ళు.
లుబ్ధకాన్ని ఎరగనివాళ్ళు లేరు,
ఆ ధగధగల పక్కనే
ఎప్పుడో కాలిపోయిన తోడు.
బర్నార్డ్ ముసలిది. గబగబా నడుస్తుంది,
ఎవరినీ పలకరించదు.

మార్కులు వేశాను. కొట్టేశాను.
మళ్ళీ వేశాను.

తెల్లారి మిర్చి యార్డుకు పోయాను.
గేటు దాటకముందే ఏడు తుమ్ములు.
మస్తాన్‌వలి మామ
ముప్పై ఆరేళ్ళుగా కాయ చూసి ధర చెప్పే మనిషి.
"ఇన్ని వేల టిక్కీల్లో మంచిదేదో
ఎట్లా తెలుస్తుంది మామా?"

నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.
ఒక టిక్కీ మూతి విప్పాడు.
"ఇక్కడెప్పుడూ ఎర్రగానే ఉంటది.
మూతి దగ్గర మంచి కాయ పేర్చడం
రైతు తప్పు కాదు. అక్కడే ఆగిపోయిన
నీ కన్నుదే తప్పు."
మోచేయి దాకా చేయి దించి
అడుగు నుంచి గుప్పెడు తీశాడు.
నాలుగు తాలుకాయలు. ఒక చీమ.
ఒక కాయను చెవి దగ్గర ఆడించాడు,
గింజ గలగలమంటే ఆరినట్టు.
"ముక్కు ఎప్పుడో పోయింది తల్లీ.
ఇప్పుడు వింటా."

మా దుర్భిణులన్నీ చూసేది మూతి దగ్గరి కాయనే.
అడుగున ఏముందో తెలియాలంటే
చేయి దిగాల్సిందే,
ఆ చేయి నలభై ఏళ్ళ పొడవుండాలి.

పైగా కనబడేది ఈ ఏటి పంట కాదు.
రాత్రి నా కంట్లో పడ్డ టౌ సెటి వెలుగు
పన్నెండేళ్ళ నాటి ఏసీ సరుకు.
అది బయల్దేరిన ఏడు
మా వీధి చివర ఇంకా సినిమాహాలు ఉండేది.

అప్పుడు అసలు సంగతి అడిగాను.
ఆగమనే వాళ్ళున్నారు మామా,
ఇంకో ముప్పై ఏళ్ళకి వేగం పెరుగుతుందట,
అప్పుడు పంపింది
ఇప్పుడు పంపినదాన్ని దారిలోనే దాటిపోతుందట.

తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.
"ప్రత్తిపాడు వీరాంజనేయులు
ధర పెరుగుతదని మూడేళ్ళు ఏసీలో పెట్టాడు.
పెరిగింది కూడా.
అద్దె పోయింది, వడ్డీ పోయింది,
కాయ రంగు తిరిగింది.
చేతికొచ్చింది గోనెసంచి.
ఆగినోడు తెలివితక్కువోడని అనను.
అమ్మినోడికి మాత్రం
తన కాయ విలువెంతో ఆ రోజే తెలిసింది."

"ఇంతకీ జవాబు ఎప్పుడొస్తది?"
నాకు రాదు మామా. నా తర్వాత వాళ్ళకి.
"మరి రసీదు జాగ్రత్తగా రాయి," అన్నాడు,
"చదివేవాళ్ళకి నీ దస్తూరీ తెలియదు."
అని ఇంకో టిక్కీ మూతి విప్పాడు.

ఇంటికొచ్చి నాలుగు గళ్ళు నింపాను,
గుండ్రంగా, విడివిడిగా,
బళ్ళో పిల్లలా.
ఐదో గడిలో
ఎవరూ సిఫారసు చేయని మసక చుక్క,
వరసలో పదమూడోది.
ఎందుకంటే చెప్పలేను.
గింజ ఆడినట్టు వినిపించింది.

మర్చిపోయి కన్ను నలుపుకున్నాను.
యార్డు ఘాటు ఇంకా వేళ్ళనే ఉంది.
కిటికీలోని ఒక్క చుక్కా
నాలుగై, ఐదై,
ఎర్రగా, తడిగా
చేయి చాపితే అందేంత దగ్గరికొచ్చి
మండింది.